మూడో ఆదివారం

“కత్తిపీట ఎక్కడ పెట్టావురా?”

పేరమ్మ అలా అడగడం అది నాలుగోసారి. గణేష్ బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ అతను. ఎనిమిదింటికల్లా గేటు దగ్గర వేలిముద్ర పడకపోతే ఆ పూట జీతం గోవిందా.

భవానీపురంలో వాళ్ళుంటున్న రెండు గదుల్లో సూది పడినా దొరుకుతుంది. అంత పెద్ద కత్తిపీట మాత్రం గురువారం నుంచీ కనిపించడం లేదు.

“అడిగేది నిన్నేరా!”

“దాని సంగతి మర్చిపో అమ్మా. మార్కెట్లో అందరి ముందూ బోర్లా పడ్డావు. ఇంకో జానెడు పక్కకి పడుంటే కత్తి మీదే పడేదానివి. పార్కిన్సన్స్ అని డాక్టర్ తేల్చి చెప్పాడు. ఇంక ఇంటి పట్టున కూర్చో.”

“తేల్చడానికి ఆ డాక్టరు నా మొహం వంకన్నా చూశాడా? చేతుల వంక చూశాడు, చీటీ గీకాడు, తర్వాతోళ్ళని పిలిచాడు. గంపలో పైచేపని చూసి గంపంతా కొనేసేవోణ్ణి నేను ముప్పయ్యేళ్ళలో చూళ్ళేదు.”

“చేతులు చూస్తే చాల్లే, ఎవరికైనా తెలిసిపోద్ది.”

అది నిజమే. కుర్చీలో కూర్చున్న పేరమ్మ ఒళ్ళో రెండు చేతులూ ఆమెతో సంబంధం లేనట్టు వాటి మానాన అవి వణుకుతున్నాయి. యాభయ్యారేళ్ళ మనిషి. పోయినేడాది దాకా ఐదు కిలోల బొచ్చె చేపని ఒంటి చేత్తో పీట మీదికి ఎత్తిన మనిషి.

“రేపు నువ్వు రావని బాబాయికి చెప్పేశాను” అన్నాడు గణేష్, ఈసారి మరీ మెల్లగా.

పేరమ్మకి ఒళ్ళు మండింది. బాబాయంటే బంగార్రాజు. ఆమెకి సొంత మరిది, చేపల మార్కెట్ సంఘానికి ప్రెసిడెంటు. ఆ మార్కెట్‌కి ఒక కట్టుబాటుంది. చేపలు కోసే సిమెంటు చప్టా మీద చోటున్న మనిషి వరసగా మూడు ఆదివారాలు రాకపోతే ఆ చోటు సంఘానిదైపోతుంది. పెళ్ళిళ్ళకీ చావులకీ కూడా మినహాయింపు లేదు. బాలింతగా ఉన్నప్పుడు పేరమ్మే పదహారో రోజున వచ్చి కూర్చుంది. చోట్లు పెట్టుకుని రానివాళ్ళు ఎక్కువైపోతున్నారని ఆ కట్టుబాటు పెట్టిననాడు అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా ఆమే.

ఆమె పడ్డాక రెండు ఆదివారాలు వెళ్ళకుండానే అయిపోయాయి. రేపు మూడోది.

“ఎవర్నడిగి చెప్పావురా? నా చేతులు వణుకుతున్నాయి. నా నోరు వణకట్లేదే! నన్నడగొచ్చుగా?”

“నువ్వేమంటావో తెలిసే అడగలేదు.”

స్టౌ దగ్గర క్యారేజీ సర్దుతున్న పద్మశ్రీ అప్పుడు వెనక్కి తిరిగింది. ఆ ఇంటికి కోడలై మూడేళ్ళు. కంకిపాడు పిల్ల. డిగ్రీ చదివి బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చేస్తోంది. ఏడాదిగా అత్తాకోడళ్ళ మధ్య అన్నం తిన్నారా, గ్యాస్ వచ్చిందా అన్న మాటలు తప్ప ఇంకేం లేవు. పిల్ల తనని చూస్తే బెదురుగొడ్డులా పక్కకి తప్పుకుంటుంది. చదువుకున్న పిల్ల కదా, తన ఒంటి నీచు వాసన గిట్టడం లేదేమో అనుకుని పేరమ్మ కూడా ఆ విషయం వదిలేసింది.

“అత్తయ్యని నేను ఇంకో డాక్టరుకి చూపిస్తానండీ. పటమటలో నరాల డాక్టరమ్మ ఉన్నారు. ఇవాళ పదింటికి రమ్మన్నారు. సెలవు పెట్టాను” అంది పద్మశ్రీ.

“జబ్బు పేరు తెలిశాక ఇంకో డాక్టరెందుకు?”

“తెలిసింది పేరే కదండీ. ఎందుకొచ్చిందో ఎవరు చెప్పారు?”

గణేష్ క్యారేజీ అందుకున్నాడు.

“వస్తానమ్మాయ్” అంది పేరమ్మ. “అయితే ఒకటి ముందే చెప్తన్నా. రేపు తెల్లారేసరికి నేను చప్టా మీద ఉంటాను. ఆ డాక్టరమ్మ వద్దన్నా ఉంటాను, వీడు కత్తిపీట కృష్ణలో పారేసినా ఉంటాను.”

గణేష్ గుమ్మం దాటుతూ ఒక్కసారి పైకి, అటక వైపు చూశాడు. ఆ చూపు పేరమ్మా చూసింది, పద్మశ్రీ కూడా చూసింది.

*

డాక్టర్ డయానా గదిలో మొదట చీటీ లేదు, మాత్ర లేదు, నడక మొదలైంది. అటు నడవండి, వెనక్కి తిరగండి, ఇటు రండి. బొటనవేలూ చూపుడువేలూ టపటపా కొట్టండి. చెయ్యి వదులుగా వదలండి, నేను తిప్పుతాను. కాగితం మీద మీ పేరు ఐదుసార్లు రాయండి.

పేరమ్మ ఐదో తరగతి దాకా చదివింది. మొదటిసారి బాగానే వచ్చింది. ఐదోసారికి అక్షరాలు కాస్త చిక్కిపోయాయి.

“వాసన తెలుస్తోందా పేరమ్మ గారూ?”

“ముప్పయ్యేళ్ళ నుంచి చేపలమ్మేదాన్ని పట్టుకుని అడిగే మాటేనా డాక్టరమ్మా? బయట చీటీలిచ్చే అమ్మాయి బాక్సులో మెంతికూర పప్పుంది. అది రాత్రిది. తినొద్దని చెప్పండి.”

డయానా పకపకా నవ్వింది. నవ్వి, పేరమ్మ ముఖంలోకి పరీక్షగా చూసింది.

“ఇప్పుడు మీరు కూడా నవ్వుకుంటున్నారు, అవునా?”

“నవ్వుతూనే ఉన్నాగా. కనపడట్లేదా?”

“కనపడడం లేదమ్మా.”

పేరమ్మకి ఆ మాట ఒక పట్టాన అర్థం కాలేదు. డయానా బల్ల మీది చిన్న అద్దం తీసి ఆమె ముందు పెట్టింది. అద్దంలో ఎవరో ముదనష్టపు మనిషి మూతి బిగించుకుని, రెప్ప వెయ్యకుండా, అప్పివ్వననే వడ్డీ వ్యాపారిలా చూస్తోంది. లోపల ఇంకా మెంతికూర పప్పు నవ్వు ఆగనే లేదు. బయట దాని ఆనవాలే లేదు.

“ఒంట్లో కండరాలు బిగుసుకున్నట్టే ముఖంలోవీ బిగుసుకుంటాయి. లోపల ఎంత సంతోషంగా ఉన్నా, చూసేవాళ్ళకి కోపంగా ఉన్నట్టే ఉంటుంది” అంది డయానా.

పక్క కుర్చీలోంచి పద్మశ్రీ ముందుకి జరిగింది.

“అయితే అత్తయ్యా... ఇన్నాళ్ళూ మీకు నా మీద కోపం కాదా?”

“నీ మీద నాకు కోపమెందుకే?”

“నేను ఏం చేసినా మీరు అట్టాగే చూసేవారు. మీ పుట్టినరోజుకి చీర తెస్తే అట్టాగే చూశారు. నేనంటే ఇష్టం లేదనుకుని... అందుకే మీ ఎదురుగా రావడం మానేశాను.”

“ఆ చీర నేను పక్కింటోళ్ళకి, ఎదురింటోళ్ళకి, మార్కెట్లో ఆదెమ్మకి కూడా చూపించొచ్చానే పిచ్చిమొహమా!”

పద్మశ్రీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడాది కాలం ఒక కొంపలో ఉండి ఇద్దరాడవాళ్ళు ఒకరికొకరు భయపడి బతికారు. పేరమ్మకి కోడలి తల నిమరాలనిపించింది. వణికే చెయ్యి చూసుకుని ఆగిపోయింది.

డయానా వాళ్ళని కాసేపు అలాగే వదిలేసి తర్వాత మొదలుపెట్టింది.

“మీకు ఆ క్లినిక్కులో చెప్పిన పేరు సగమే నిజం. పార్కిన్సనిజం అనేది జ్వరం లాంటి మాట. జ్వరమంటే ఒళ్ళు కాలడం. మలేరియాకీ కాలుతుంది, టైఫాయిడ్‌కీ కాలుతుంది. ఇది కూడా అంతే. వణుకు, బిగుసుకుపోవడం, పనులన్నీ నెమ్మదించడం, అడుగు తడబడడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే దాన్ని పార్కిన్సనిజం అంటాం. ఎందుకొచ్చిందనేది వేరే ప్రశ్న.”

“ఎందుకొచ్చుద్ది?”

“ఎక్కువమందికి పార్కిన్సన్స్ జబ్బు వల్ల. మెదడులో కదలికల్ని నడిపే రసాయనం తయారుచేసే కణాలు మెల్లమెల్లగా తగ్గిపోతాయి. అది మామూలుగా ఒక పక్కనే మొదలవుతుంది. నడిచేటప్పుడు ఆ పక్క చెయ్యి ఊగదు. చాలామందికి వణుకు కంటే ఏళ్ళ ముందే వాసన పోతుంది. గొంతు తగ్గి మాట మెల్లబడుతుంది. రాస్తూ రాస్తూ ఉంటే అక్షరాలు చీమలైపోతాయి. కొంతమందికి తలలో చిన్న చిన్న స్ట్రోకులు వచ్చి ఇలా అవుతుంది. ఇంకా వేరే నరాల జబ్బులున్నాయి. కొంతమందికి వాడే మందుల వల్లే వస్తుంది. మీకు రెండు చేతులూ ఒకేసారి మొదలయ్యాయి, వాసన నాకంటే బాగా తెలుస్తోంది. అందుకే అడుగుతున్నా. మీరు ఏమేం మందులు వాడుతున్నారు?”

“ఏమీ లేదు డాక్టరమ్మా. మొన్న వాళ్ళు రాసినవి నేను మింగలేదు. ఏ రోగమో తెలీకుండా మందేంటని పక్కన పెట్టేశా.”

“కళ్ళు తిరక్కుండా వేసుకునే బిళ్ళ ఉంది కదత్తయ్యా” అంది పద్మశ్రీ. సంచీ తెరిచి, ఎంతో జాగ్రత్తగా ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

దానికి లామినేషన్ చేయించి ఉంది.

“పేపరు చిరిగిపోతోందని నేనే చేయించానండీ. అత్తయ్య సంచీలో పెడితే నీళ్ళకి తడిసిపోయేది. రెండేళ్ళ కిందట అత్తయ్యకి కళ్ళు తిరిగి ఇల్లు గిర్రున తిరుగుతోందంటే ఓ డాక్టరు రాశారు. పూటకొకటి. ఒక్క రోజు కూడా మాననివ్వలేదు నేను. మా వీధిలో మందుల షాపు అబ్బాయి ఈ కార్డు చూపిస్తే చాలు, ఇచ్చేస్తాడు.”

డయానా కార్డు చేతిలోకి తీసుకుంది. పైనున్న తేదీ చూసింది. కింద బిళ్ళ పేరు పక్కన రాసింది చదివింది. ఆ తర్వాత కార్డును పద్మశ్రీ వైపు తిప్పి, ఒక చోట వేలు పెట్టింది.

ప్లాస్టిక్ కింద నీలం సిరాతో స్పష్టంగా ఉంది: పదిహేను రోజులు.

*

ఆటో బెంజి సర్కిల్ దాటింది. బందరు రోడ్డు మీద సిగ్నల్ పడ్డ ప్రతిచోటా ఆగింది.

డాక్టర్ చెప్పినవి పేరమ్మ చెవుల్లో తిరుగుతున్నాయి. కళ్ళు తిరగడానికిచ్చే కొన్ని బిళ్ళలు, గ్యాసుకీ వాంతులకీ ఇచ్చేవి కొన్ని, మానసిక జబ్బులకిచ్చేవి కొన్ని, రోజుల తరబడి వాడితే మెదడులో ఆ రసాయనం పని చెయ్యకుండా అడ్డం పడతాయి. ఈ బిళ్ళ ఇవాళే ఆపెయ్యండి. వేరే ఏ మందైనా సరే, అడక్కుండా మాత్రం ఆపకండి. చాలామందికి నెలల్లో తగ్గిపోతుంది. కొంతమందికి ఏడాది పడుతుంది. అప్పటికీ మిగిలిందంటే లోపల అసలు జబ్బు ముందే మొదలైంది, బిళ్ళ దాన్ని బయటికి లాగింది అనుకోవాలి. ఎటన్నదీ ఇవాళ చెప్పలేను.

రెండేళ్ళు! పూటకో బిళ్ళ, వేడినీళ్ళతో, పిలిచి మరీ ఇచ్చిన బిళ్ళ.

పేరమ్మకి కోపం వచ్చింది. రాలేదనుకోవడం అబద్ధం. అరికాలి మంట నెత్తికెక్కినట్టు వచ్చింది. మార్కెట్లో పడ్డ రోజున చుట్టూ నిలబడ్డ జనం, కొంగు సర్దిన మొగాడెవడో, తన చేపలు తనే ఎత్తుకోలేక చూస్తూ కూర్చోవడం, అన్నీ వరసబెట్టి గుర్తొచ్చాయి.

అమ్మవారి కొండ పక్కన ఫ్లైఓవర్ ఎక్కాక పద్మశ్రీ ఇక తట్టుకోలేకపోయింది.

“తిట్టండత్తయ్యా. ఏదో ఒకటి అనండి. మీ మొహం చూస్తే నాకేం తెలియడం లేదు.”

“తెలీదులే. ఇప్పుడు మాత్రం నిజంగానే కోపంగా ఉన్నా.”

“మరి తిట్టండి.”

“ఇంటికెళ్ళాక తిడతా. ఆటో ఆయన వినేట్టు ఎందుకు?”

డ్రైవరు అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. పద్మశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిగతా దారంతా ఏడుస్తూనే ఉంది. పేరమ్మ ఆపమనలేదు.

*

సాయంత్రం ఐదున్నరకి గణేష్ వచ్చాడు. పద్మశ్రీ ఏదీ దాచలేదు. కార్డు చేతికిచ్చి, జరిగిందంతా చెప్పేసింది. సగం వినకముందే అతను లేచి నిలబడ్డాడు.

“అంటే మా అమ్మని నువ్వే ఇట్టా చేశావా? డిగ్రీ చదివావు, పదిహేను రోజులన్న ముక్క చదవలేకపోయావా?”

“చదవలేదు. బిళ్ళ పేరే చూశాను.”

“రోజూ బిల్లుల్లో పైసా తేడా వస్తే పట్టుకుంటావు! ఇది మాత్రం కనపడలేదా?”

“తప్పు నాదేనండీ.”

“తప్పంటే సరిపోద్దా? మీ కంకిపాడు ఫోన్ చెయ్యి. మీ నాన్నని రమ్మను.”

“ఎందుకురా?” అంది పేరమ్మ.

“నువ్వుండమ్మా.”

“నేనుండనురా. నా రోగం గురించి మాట్లాడుకుంటా నన్నుండమంటావేంటి? ఇది తప్పు చేసింది. నేను తిట్టుకోవాల్సింది నేను తిట్టుకున్నా, ఇంకా బాకీ ఉంటే రేపు తిడతా. పదిహేను రోజుల చీటీకి రెండేళ్ళు బిళ్ళలిచ్చినోడు ఒకడున్నాడు, వాడి దగ్గరికి సోమవారం నేనే పోతా. నోట్లో వేసుకుని మింగినదాన్ని నేను. ఇదేం బిళ్ళే, ఇంకా ఎన్నాళ్ళే అని ఒక్కసారన్నా అడిగానా? ఇదన్నా నెలనెలా షాపుకెళ్ళి తెచ్చింది. ఈ రెండేళ్ళలో నువ్వు నాకేం తెచ్చావురా? డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్ళారు? నువ్వా?”

గణేష్ చేతిలోని కార్డుని అటూ ఇటూ తిప్పాడు.

“నువ్వు చేసిందల్లా కత్తిపీట దాయడం.”

“నీ మంచికే దాచానమ్మా.”

“మీ ఇద్దరూ నా మంచికే చేశారు నాయనా. ఒకళ్ళు మందు మింగించారు, ఒకళ్ళు మార్కెట్ మాన్పించారు. నా మంచి మీ ఇద్దరికీ తెలిసిపోయింది, నన్నడిగే పనే లేకపోయింది!”

అప్పుడు పద్మశ్రీ వంటగదిలోంచి ఎత్తుపీట ఈడ్చుకొచ్చింది. దాని మీదికెక్కి అటక మీద చెయ్యి పెట్టింది. పాత చాపలో చుట్టి, తాడేసి కట్టిన మూట కిందకి దించింది.

“దాన్నక్కడే పెట్టు” అన్నాడు గణేష్.

“పెట్టనండీ.”

మూడేళ్ళ కాపరంలో ఆ పిల్ల అతనికి అలా ఎదురు చెప్పడం అదే మొదలు. మూట విప్పి కత్తిపీట తెచ్చి అత్తగారి కాళ్ళ ముందు పెట్టింది.

“రేపు ఆమె చెయ్యి తెగితే ఎవరిదే బాధ్యత?” గణేష్ పాత చాప తీసి కత్తి మీద కప్పబోయాడు. అతనికి కోపం కంటే భయమే ఎక్కువగా ఉందని పేరమ్మకి అప్పుడు తెలిసింది. పడ్డనాడు తనని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టింది వాడే మరి.

“నాదేరా” అంది పేరమ్మ కాస్త తగ్గి. “చెయ్యి నాది, కాబట్టి బాధ్యతా నాదే.” తర్వాత కోడలి వైపు తిరిగింది. “దింపావు, బానే ఉంది. రేపు మోసుకుని కూడా నువ్వే రావాలి. నాలుగున్నరకి లెగు.”

*

కైకలూరు లారీ అప్పటికే వచ్చి ఉంది. ఐసు డబ్బాల్లోంచి బొచ్చెలూ శీలావతులూ గంపల్లోకి పడుతున్నాయి. బందరు నుంచి వచ్చిన సముద్రపు చేపల దగ్గర వేలంపాట మొదలైంది. నీళ్ళు, లైట్లు, అరుపులు. ఆ వాసన తగలగానే పేరమ్మ ప్రాణం లేచొచ్చింది.

మెల్లగా, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ తూర్పు గేటు పక్కన రెండో చప్టా దాకా నడిచింది. పద్మశ్రీ ఒక చేత్తో కత్తిపీట, ఒక చేత్తో అత్తగారి మోచెయ్యి పట్టుకుంది. పేరమ్మ చీర కుచ్చిళ్ళు దోపి, పీట మీద కాలు మడిచి కూర్చుంది.

“వచ్చేశావా పేరమ్మక్కా!” అని పక్క చప్టా నుంచి ఆదెమ్మ కేకేసింది.

ఆ కేక విని బంగార్రాజు వచ్చాడు. వెనకాల సంఘం వాళ్ళు ఏడెనిమిది మంది. చంకలో హాజరు పుస్తకం.

“వదినా, నువ్వు రావని గణేష్ అన్నాడే.”

“గణేష్ రానన్నాడేమో. నేననలేదు.”

“నీ మీద నాకేం పగ వదినా? రేపు నీ వేలు తెగి రక్తం చేపల మీద పడితే, ఎవడో వీడియో తీసి ఫోన్లలో పెడతాడు. ఆదివారం ఈ మార్కెట్ వంక ఒక్కడు కూడా చూడడు. ఇక్కడ ఎనభై కుటుంబాలున్నాయి.”

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే అంత మాటా ఆయన ఎంత మెల్లగా అన్నాడంటే వెనకున్నవాళ్ళు “ఏంటంట? ఏమన్నాడు?” అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. ఒకప్పుడు బంగార్రాజు పాట పెడితే రైల్వే గేటు దాకా వినపడేది. ప్రెసిడెంటయ్యాక పెద్దరికం కోసం గొంతు తగ్గించాడని పేరమ్మ అనుకుంది.

“ముందు కొయ్యనీ. తర్వాత మాట్లాడు” అందామె.

అప్పుడే దింపించుకున్న గంపలోంచి మూడు కిలోల బొచ్చె తీసింది. ఒళ్ళో ఉన్నంతసేపూ గజగజలాడిన చేతులు చేపని పట్టుకోగానే నిమ్మళించాయి. పొలుసు గీకింది. కత్తికి ఆనించి తల వేరు చేసింది. పొట్ట చీల్చింది. ముక్కలు సమానంగానే వచ్చాయి, కానీ ఒకప్పుడు మూడు చేపలు కోసే సమయం పట్టింది. ఎదురుగా నిలబడ్డ ఇద్దరు బేరగాళ్ళలో ఒకాయన వాచీ చూసుకుని పక్క చప్టాకి వెళ్ళిపోయాడు. రెండో ఆవిడ నిలబడింది.

“వేలు తెగలా” అంది పేరమ్మ. “బిళ్ళ వల్ల వచ్చిన వణుకిది. ఆపేశాను. తగ్గుద్దంట, తగ్గకపోనూ వచ్చంట. తగ్గితే మునుపట్లా కోస్తా. తగ్గకపోతే ఇట్టాగే కోస్తా. తొందరున్నోళ్ళు ఆదెమ్మ దగ్గరికి పోతారు, లేనోళ్ళు నా దగ్గరికొస్తారు. ఇందులో సంఘానికి వచ్చిన నష్టమేంటి?”

సంఘం వాళ్ళలో ఒకరిద్దరు తలాడించారు. బంగార్రాజు ఆడించలేదు.

“అట్టా కుదరదు. తీర్మానం రాస్తున్నాను. వణుకు జబ్బున్నవాళ్ళు ఇవాళ్టి నుంచీ కత్తిపీట ముందు కూర్చోరాదు.”

“రాయి. నా ఎదురుగానే రాయి. ఏం రాస్తున్నావో నేను చూడాలి.”

ఆదెమ్మ ప్లాస్టిక్ కుర్చీ లాగింది. బంగార్రాజు కుర్చీ వైపు నాలుగడుగులు వేశాడు. ఎడమ చెయ్యి ఊగింది. కుడి చెయ్యి చొక్కా జేబులోంచి బయటికి రాలేదు. కూర్చున్నాక మాత్రం తప్పలేదు. జేబులోంచి చెయ్యి తీసి, పెన్ను పట్టుకుని, పుస్తకం తెరిచాడు.

‘వణుకు’ అన్న మాట రూపాయి బిళ్ళంత అక్షరాలతో మొదలైంది. ‘జబ్బున్నవాళ్ళు’ వచ్చేసరికి సగమైంది. ‘ఇవాళ్టి నుంచి’ బియ్యపు గింజలంత. ఆ తర్వాతవి పేరమ్మ కళ్ళు చిట్లించినా కనపడలేదు. పెన్ను ఆగింది. ఆగిన మరుక్షణం, పుస్తకం మీదున్న ఆ కుడి చేతి బొటనవేలు దానంతటది వణకడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ చెప్పిన గుర్తులన్నీ పేరమ్మకి ఒక్కసారిగా తట్టాయి. పక్కనే కూర్చున్న పద్మశ్రీ కూడా చూసింది, అత్తగారి కొంగు గట్టిగా పట్టుకుంది.

పేరమ్మ ఆయనకొక్కడికే వినపడేట్టు ముందుకి వంగింది. “ఎన్నాళ్ళ నుంచి మరిదీ?”

బంగార్రాజు ఎడం చెయ్యి తెచ్చి కుడి చేతి మీద మూత పెట్టాడు.

“మూడేళ్ళు.”

“చూపించుకున్నావా?”

“గుంటూరు పోయి చూపించుకుంటున్నా. ఇక్కడైతే తెలిసిపోద్దని. నాది అసలుదే వదినా. బిళ్ళది కాదు. నెల కిందట గంపెడు కుళ్ళిన చేపలు మంచివని దించుకున్నా. వాసనే తెలీలా.” ఆయన పెదాలు కదిలీ కదలనట్టున్నాయి. “ఎవరికీ చెప్పకు. ఈ కాయితం చించేస్తాను. నీ చోటు నీకే ఉంటుంది, నువ్వున్నన్నాళ్ళూ ఎవరూ అడగరు. నేను చూసుకుంటా.”

చోటు నిలబడిపోయింది. ఒక్క మాట మింగితే చాలు, నిక్షేపంగా నిలబడిపోయింది. పద్మశ్రీ కళ్ళతోనే బతిమాలుతోంది, ఒప్పుకోండత్తయ్యా అని.

“మూడేళ్ళ నుంచి జేబులో చెయ్యి దాచుకుని, నన్ను లేపేద్దామని వచ్చావా?” అంది పేరమ్మ, గొంతు పెంచకుండానే. ఆ బిగుసుకున్న ముఖంలో కోపమెంతో జాలెంతో ఆయనకి తెలిసే దారి లేదు. “నీ రోగం దాచిపెట్టినందుకు బహుమానంగా నాకేం చోటక్కర్లేదు. రేపు ఇంకో ఆడదానికి చెయ్యి వణికితే? అది ఎవరి గుట్టు పట్టుకుని నిలబెట్టుకోవాలి తన చోటు?”

“వదినా, పరువు పోద్ది.”

“నేను బోర్లా పడ్డప్పుడు పోయింది నా పరువు. మళ్ళీ వచ్చి కూర్చున్నాగా? నేనెవరికీ చెప్పను మరిదీ, ఒట్టు. ఆ కాయితం చించితే మాత్రం వీళ్ళందరి ముందూ చించు. ఎందుకు చించుతున్నావో నువ్వే చెప్పు. చెప్పలేవా, పూర్తిగా రాయి. రాసి, దాని కింద జబ్బున్నవాళ్ళ పేర్లలో మొదటిది నీదే పెట్టు.”

వెనక నుంచి ఎవరో అరిచారు. “ప్రెసిడెంటు గారూ, రాసింది గట్టిగా చదవండి! ఇక్కడికి వినపడట్లా!”

బంగార్రాజు కుర్చీలోంచి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. రెండోసారి ప్రయత్నించాడు. ఈసారి పేరమ్మే చప్టా మీంచి చెయ్యి చాచింది. చేపల నెత్తుటితో ఉన్న ఆ చేతిని పట్టుకుని ఆయన లేచాడు. లేచి, పుస్తకంలోంచి కాగితం ఇంకా చింపకుండానే, కుడి చెయ్యి ఈసారి జేబులో దాచుకోకుండా, జనం వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.